వ్యక్తి గుర్తింపు: దాని అర్థము, నిత్యోపయోగములు

పల్లెటూరిలో పుట్టి పెరిగిన మనిషిని ఆ ఊరిలో "నీవెవరవు?" అని అడుగువారుండరు. నడకను బట్టియే దూరమునుండి ఆనవాలు పట్టుదురు. పొరుగూరివాడు వచ్చి సుబ్బారావు ఇల్లెక్కడ అని అడిగినచో, "ఏ సుబ్బారావు? చెరువుగట్టు సుబ్బారావా, బడిపంతులుగారి మనుమడు సుబ్బారావా?" అని ఎదురు ప్రశ్న వేయుదురు. వ్యక్తి గుర్తింపు యొక్క సారమంతయు ఆ ఎదురు ప్రశ్నలోనే ఇమిడియున్నది. పేరొక్కటే చాలదు, ఒకే పేరుగల ఇద్దరిని వేరుచేయుటకు మరియొక ఆనవాలు కావలెను.

ఊరు దాటిన పిదప ఈ ఎరుక మన వెంట రాదు. పట్టణపు ఆసుపత్రిలోగాని, బ్యాంకులోగాని, పరీక్షా కేంద్రములోగాని మనలను ముందుగా ఎరిగినవారుండరు. అచ్చట మనమెవరమో మనమే చెప్పవలెను. చెప్పినది నిజమని ఎదుటివారు నమ్ముటకు తగిన ఆధారమును చూపవలెను. ఇది సర్కారు కచేరీల తంతు మాత్రమేనని చాలమంది తలంతురు. కాని ఒక్కొక్కప్పుడు గుర్తింపులోని పొరపాటు ప్రాణములకే ముప్పు తెచ్చును. ఆ విషయమును ముఖ్యముగా ఈ వ్యాసమున వివరింతుము.

గుర్తింపు అనగా నేమి?

గుర్తింపు రెండు ప్రశ్నలకు జవాబు. మొదటిది: "ఈ మనిషి ఎవరు?" రెండవది: "మొన్న వచ్చిన మనిషియు, నేడు వచ్చిన మనిషియు ఒక్కరేనా?" సంఘజీవనములో మొదటి ప్రశ్న తరచుగా వినబడును. వైద్యములో రెండవదే ఎక్కువ అవసరము. నిన్న రక్తపరీక్ష చేసినది ఎవరికో, నేడు మందు ఇయ్యవలసినది వారికే. ఆ కొనసాగింపు తెగినచో ఎంత మంచి పరీక్షయైనను, ఎంత మంచి మందైనను వృథా. ఒక్కొక్కప్పుడు హానికరము కూడ.

మనిషిని గుర్తించు సాధనములు మూడు విధములు. మనిషి తెలిసి చెప్పునవి మొదటి విధము: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, ఊరు. మనిషి వెంట నుంచుకొనునవి రెండవ విధము: కార్డు, సర్టిఫికెట్టు, ఆసుపత్రి చీటి. మనిషి శరీరముననే ఉండునవి మూడవ విధము: పుట్టుమచ్చలు, వేలిముద్రలు, కనుపాప చుట్టునుండు వలయపు రేఖలు. వీనిలో ఏ ఒక్కటియు లోపము లేనిది కాదు. చెప్పునది మరచిపోవచ్చును, కార్డు పోవచ్చును, లేదా పరుల చేతికి చిక్కవచ్చును, వ్రేళ్ల మీది గీతలు అరిగిపోవచ్చును. కావుననే ఒక ఆనవాలును మరియొక ఆనవాలుతో సరిచూచుట మంచి పద్ధతి.

పేరుతో వచ్చు చిక్కులు

తెలుగువారిలో తాతగారి పేరు మనుమనికి, నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టుకొను ఆచారము విస్తారముగా నున్నది. ఇంటిపేరు కూడ ఒక్కటే గనుక తాతయు, మనుమడును కాగితముమీద ఒక్కరుగనే కనబడుదురు. అన్నదమ్ముల బిడ్డలకు ఒకే తాత పేరు వచ్చినచో ఒక్క ఇంట ముగ్గురు వెంకటేశ్వర్లులుందురు. పిలుచుటకు పెద్దబ్బాయి, చిన్నోడు, బుజ్జి అని ముద్దుపేర్లుండును గనుక ఇంటిలో చిక్కు లేదు. ఆసుపత్రి రిజిస్టరులో ఆ ముద్దుపేర్లుండవు.

వివాహముతో స్త్రీ ఇంటిపేరు మారుట మరియొక చిక్కు. పెండ్లికి పూర్వపు కాగితములలో పుట్టింటి పేరు, తరువాతి కాగితములలో అత్తింటి పేరు ఉండును. ఆంగ్లలిపిలో వ్రాయునప్పుడు లక్ష్మి అను పేరునే ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క తీరున వ్రాయును. మదరాసు నగరమునందు స్థిరపడిన కొందరు తెలుగువారి కాగితములలో ఆ ప్రాంతపు అలవాటును బట్టి ఇంటిపేరుకు బదులు తండ్రి పేరులోని మొదటి అక్షరము చేరియుండును. వీనిలో తప్పు ఎవరిదియు కాదు. కాని ఏదో ఒక రూపమును స్థిరపరచుకొని, అన్ని కాగితములలోను దానినే వ్రాయించుకొనుట మేలు.

శరీరముపైని ఆనవాళ్లు

మన పాఠశాల చివరి తరగతి సర్టిఫికెట్లలో పుట్టుమచ్చలను వ్రాయు ఆనవాయితీ చాలకాలముగా నున్నది. చదువురానివారు దస్తావేజుపై గీసెడి నిశానీ గుర్తును ఎవరైనను గీయవచ్చును. వేలిముద్ర అట్లు కాదు. 1858లో బెంగాలులోని జంగీపూరునందు విలియం హెర్షెల్ అను ఉద్యోగి, రాజ్యధర్ కోనాయి అను గుత్తేదారునిచే ఒప్పందపు కాగితముపై అరచేతి ముద్ర వేయించెను. వేలిముద్రల చరిత్రలో దీనిని తొలి అడుగులలో ఒకటిగా చెప్పుదురు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము ఏర్పడినది. వేలకొలది ముద్రలలో కావలసినదానిని వెదకి తీయు వర్గీకరణ పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇరువురు భారతీయులు ముఖ్యపాత్ర వహించిరి. ఆ పద్ధతి మాత్రము పై అధికారియైన ఎడ్వర్డు హెన్రీ పేరుతో లోకమున ప్రసిద్ధి కెక్కినది.

వేలిముద్రకును హద్దులు కలవు. సున్నము, సిమెంటు, రాయి, మట్టి పనులలో చేతులు అరిగినవారికి, వృద్ధులకు గీతలు సరిగా పడవు. యంత్రము గుర్తింపలేదన్న మాత్రమున ఆ మనిషి అబద్ధమాడుచున్నాడని తలంచుట అన్యాయము. అట్టివారిని కంటి రేఖల ద్వారాగాని, ఇతర ఆధారముల ద్వారాగాని గుర్తింపవలెను.

రక్తపు గ్రూపు గుర్తింపు కాదని కూడ ఇచ్చట చెప్పవలసియున్నది. కార్ల్ లాండ్‌స్టెయినర్ అను శాస్త్రజ్ఞుడు 1901లో రక్తపు గ్రూపుల భేదమును వెల్లడించెను. ఆ కృషికి 1930లో నోబెల్ బహుమానము పొందెను. ఒకే గ్రూపు కోట్లమందికి ఉండును. కావున అది మనిషి ఎవరో చెప్పదు. కార్డుపై గ్రూపు వ్రాసియున్నను, రక్తమెక్కించుటకు ముందు ఆసుపత్రివారు మరల పరీక్షించియే తీరవలెను.

ఆసుపత్రిలో గుర్తింపు

ఒక వార్డులో ఒకే పేరుగల ఇద్దరు రోగులున్నారనుకొందము. ఒకరికి శస్త్రచికిత్స జరిగినది, రక్తము ఎక్కింపవలెను. మరియొకరు జ్వరముతో చేరినారు. నర్సు వచ్చి, "వెంకటేశ్వర్లుగారు మీరేనా?" అని అడిగినది. జ్వరపు మగతలో నున్న రోగి తల యూపినాడు. ఆయన చెప్పినది అబద్ధము కాదు. ఆయన పేరును వెంకటేశ్వర్లే. కాని ఆ రక్తము ఆయనది కాదు.

దీని ఫలితమేమి? ఓ గ్రూపు మనిషి రక్తరసములో ఏ, బి గ్రూపుల ఎఱ్ఱకణములను ఎదుర్కొను పదార్థములు సహజముగనే ఉండును. ఆయనకు పొరపాటున ఏ గ్రూపు రక్తమిచ్చినచో, ఆ పదార్థములు వచ్చిన కణములను పట్టుకొని రక్తనాళములలోనే పగులగొట్టును. చలి, వణకు, జ్వరము, నడుమునొప్పి పుట్టును, రక్తపు పోటు పడిపోవును, మూత్రపిండములు చెడును, ప్రాణము పోవుట కూడ కలదు. ఇంతటి విపత్తునకు మూలము వ్యాధి కాదు, మందు కాదు. సగమే అడిగిన ఒక ప్రశ్న.

అందుచేత ప్రశ్నను పూర్తిగా అడుగవలెను. "మీరు ఫలానావారేనా?" అనుటకు బదులు "మీ పేరేమి? పుట్టిన తేది ఏది?" అని అడిగి రోగి నోటనే చెప్పింపవలెను. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన రోగి భద్రతా సూచనలలో, కనీసము రెండు ఆనవాళ్లతో రోగిని సరిచూడవలెనని, గది సంఖ్యను ఆనవాలుగా తీసికొనరాదని చెప్పబడినది. మంచము సంఖ్యకును ఇదియే వర్తించును. మంచము నేడు ఒకరిది, రేపు వేరొకరిది. పుట్టిన తేది తెలియని వృద్ధులు మనలో ననేకులు కలరు. వారి విషయమున పేరుతో పాటు ఆసుపత్రివారిచ్చిన నమోదు సంఖ్యను చూడవలెను. మణికట్టునకు కట్టు పట్టీ ఇందులకే. చేతికి ఒరయుచున్నదని దానిని విప్పివేయరాదు. తడిసి చెరిగినచో క్రొత్తది కట్టుమని అడుగవలెను.

రక్తము తీసినప్పుడు గొట్టముపై పేరు వ్రాయుట రోగి మంచము కడనే, అప్పటికప్పుడే జరుగవలెను. అట్లే రక్తము ఎక్కించుటకు ముందు ఇద్దరు సిబ్బంది మంచము కడ నిలిచి రోగి పేరు, సంఖ్య, గ్రూపు, సంచిపైని వివరములను ఒకదానితో నొకటి సరిచూడవలెను. రక్తము ఎక్కుచుండగా చలిగాని, ఆయాసముగాని, నొప్పిగాని కలిగినచో రోగియు, తోడున్నవారును సంకోచింపక వెంటనే నర్సునకు చెప్పవలెను.

పదే పదే పేరడిగినప్పుడు కొందరు విసుగుకొందురు. "ఉదయమే చెప్పితిని గదా, ఇంతలో మరచితిరా?" అందురు. నర్సు మరచిపోయి అడుగుటలేదు, మరచిపోకుండుటకే అడుగుచున్నది. అడుగకుండ మందు ఇచ్చువారినే, "అమ్మా, ఇది ఎవరి మందో ఒకసారి చూడుడు" అని రోగి అడుగవచ్చును. అది మర్యాద తప్పుట కాదు.

కాన్పు గదిలో ఈ జాగ్రత్త ఇంకను అవసరము. బిడ్డ తన పేరు చెప్పలేదు. అప్పటికి పేరే లేదు. కావున తల్లినుండి బిడ్డను వేరుచేయుటకు ముందే తల్లి పేరు, బిడ్డ ఆడయో మగయో, పుట్టిన తేది, వేళ వ్రాసిన పట్టీలను తల్లికిని, బిడ్డకును కట్టవలెను. కవలలైనచో మొదటి బిడ్డ, రెండవ బిడ్డ అని విడివిడిగా వ్రాయవలెను. బిడ్డను చేతికిచ్చిన ప్రతిసారియు ఆ రెండు పట్టీలను సరిచూచుకొనుట తల్లికిని, ఆమెకు తోడున్న పెద్దవారికిని ఉన్న హక్కు.

బిడ్డకు మొదటి గుర్తింపు

పుట్టిన ప్రతి బిడ్డకును పేరు, నమోదు అను హక్కులు కలవని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక చెప్పుచున్నది. భారతదేశము 1992లో దీనికి సమ్మతించినది. అంతకు ముందే 1969లో మన దేశమున జనన మరణముల నమోదు చట్టము వచ్చినది. దాని ననుసరించి పుట్టుకను 21 దినములలోగా తెలియజేయవలెను. ఆసుపత్రిలో కాన్పు జరిగినచో ఆ బాధ్యత ఆసుపత్రివారిది. ఇంటిలో జరిగినచో ఇంటి పెద్దది.

మన ఆచారమును బట్టి ఇచ్చట రెండు సందేహములు కలుగుచుండును. బారసాల కానిదే బిడ్డను ఎట్లు నమోదు చేయింతుమని కొందరు ఆగుదురు. ఆగవలసిన పనిలేదు. పేరు లేకయే పుట్టుకను నమోదు చేయింపవచ్చును. తరువాత 12 నెలలలోగా రుసుము లేకుండ పేరును చేర్పించుకొనవచ్చును. రెండవ సందేహము తొలి కాన్పును గూర్చినది. ఆడపడుచు తొలి కాన్పునకు పుట్టింటికి వచ్చును. బిడ్డ అచ్చట పుట్టినచో నమోదు చేయవలసినది అచ్చటనే, అత్తవారి ఊరిలో కాదు. ఈ సంగతి తెలియక రెండు ఊళ్లలోను చేయింపక విడిచిన బిడ్డలు, బడిలో చేరునాడు ఇబ్బంది పడుదురు.

గడువు దాటినను ఆశ వదలుకొనరాదు. 30 దినములవరకు ఆలస్యపు రుసుముతోను, అటుపై ఒక సంవత్సరమువరకు అధికారి అనుమతితోను, ఆ తరువాత మేజిస్ట్రేటు ఉత్తర్వుతోను నమోదు చేయింపవచ్చును. 2023లో చట్టమునకు జరిగిన సవరణను బట్టి, ఆ యేడు అక్టోబరు 1వ తేదినాడుగాని, ఆ తరువాతగాని పుట్టినవారికి పాఠశాలలో చేరుట, ఓటర్ల జాబితాలో చేరుట, వాహనము నడుపు లైసెన్సు, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగము మొదలగు పనులలో పుట్టిన తేదికి జనన సర్టిఫికెట్టే రుజువుగా నుండును. కావున నేటి తల్లిదండ్రుల అశ్రద్ధ రేపటి బిడ్డకు భారమగును.

మరణమును నమోదు చేయించుటయు అంతే ముఖ్యము. దాని గడువును 21 దినములే. భర్త పోయిన స్త్రీకి పింఛనుగాని, భీమా సొమ్ముగాని, పొలముగాని దక్కుటకు ఆ కాగితము కావలెను. ఏ ఊరిలో ఏ వ్యాధితో ఎందరు పోవుచున్నారో తెలియుటకు, దానిని బట్టి నివారణ చర్యలు చేపట్టుటకు కూడ ఈ నమోదు ఆధారము.

సంఖ్యలు, కార్డులు

2010 సెప్టెంబరు 29వ తేదిన మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామమున మొదటి ఆధార్ సంఖ్యలు ఈయబడినవి. పండ్రెండు అంకెలుగల ఈ సంఖ్య మనిషి ఎవరో చెప్పును. అది పౌరసత్వమునకు రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టమే చెప్పుచున్నది. అయిదేండ్ల లోపు బిడ్డలకు వేలిముద్రలు తీయరు. అయిదవయేట, పదునైదవయేట వానిని నమోదు చేయింపవలెను.

2021లో దేశమంతటను ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద పదునాలుగు అంకెల ఆరోగ్య సంఖ్య ఇచ్చుచున్నారు. వేర్వేరు ఆసుపత్రులలోని పరీక్షల ఫలితములను ఒక్కచోట చూచుటకు ఇది తోడ్పడును. దీనిని తీసికొనుట, తీసికొనకుండుట మన ఇష్టము. క్షయరోగులకు 2012 నుండి నిక్షయ్ అను నమోదు విధానము కలదు. పాలమూరునుండిగాని, శ్రీకాకుళమునుండిగాని కూలిపనికై దూరదేశము పోవు రోగి తన నిక్షయ్ సంఖ్యను వెంట నుంచుకొన్నచో, అచ్చటి ఆసుపత్రివారు మందును మొదటినుండి కాక, ఆగినచోటినుండి కొనసాగింపగలరు. "మొన్న వచ్చిన మనిషియు, నేడు వచ్చిన మనిషియు ఒక్కరేనా?" అను ప్రశ్నకు ఇది మంచి జవాబు.

ఒకరి కార్డుపై మరియొకరు వైద్యము పొందుట కొన్నిచోట్ల జరుగుచున్నది. అన్న కార్డుతో తమ్ముడు ఆసుపత్రిలో చేరును. ఇది నేరమగుట అటుంచి, ప్రాణాపాయకరము. తమ్ముని రక్తపు గ్రూపు, తమ్ముని వ్యాధి, తమ్మునికి పడని మందు అన్నియు అన్న పేరిట వ్రాయబడును. రేపు అన్నకు ప్రమాదము జరిగినప్పుడు ఆ వ్రాత వైద్యుని తప్పుదారి పట్టించును. ప్రేమతో ఇచ్చిన కార్డు ఇద్దరికిని కీడు చేయును.

కాగితము లేనివారి సంగతి

గుర్తింపు మనిషికొరకు ఏర్పడినది. మనిషి గుర్తింపుకొరకు పుట్టలేదు. రోడ్డు ప్రమాదములో స్పృహ తప్పినవానికి పేరడిగినను చెప్పలేడు. ప్రమాదమున గాయపడినవానికి తక్షణము చికిత్స చేయుట ప్రభుత్వ వైద్యునికేకాదు, ప్రతి వైద్యునికిని విధియని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అట్టివానిని "పేరు తెలియని పురుషుడు" లేదా "పేరు తెలియని స్త్రీ" అని వ్రాసి, ఒక తాత్కాలిక సంఖ్య ఇచ్చి, చికిత్స ఆరంభింపవలెను. గాయపడినవానిని ఆసుపత్రికి తెచ్చిన పుణ్యాత్ముని పేరు, చిరునామా చెప్పుమని బలవంతపెట్టరాదని కూడ 2020 నాటి నియమములు చెప్పుచున్నవి. ఆధార్ సంఖ్య ఇంకను రానివారికి వేరు గుర్తింపుతో ప్రభుత్వ సహాయము అందింపవలెనని ఆధార్ చట్టముననే కలదు.

గోప్యత

మనమెవరమో తెలియుట వైద్యునికి అవసరము. మనకేమి వ్యాధియో ఊరంతకు తెలియుట అవసరము కాదు. స్వవిషయములను గోప్యముగా నుంచుకొనుట ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు ప్రకటించినది. అదే సంవత్సరము వచ్చిన చట్టము, హెచ్.ఐ.వి. సోకినవారి స్థితిని వారి అనుమతి లేకుండ వెల్లడింపరాదని శాసించినది. పేరు బయటపడునను భయముచే వైద్యమునకు రాక వ్యాధిని ముదురబెట్టుకొనువారు కలరు. వారి రహస్యమును కాపాడుట కూడ చికిత్సలో భాగమే.

ప్రతి ఇంట పాటింపదగినవి

1. బిడ్డ పుట్టుకను 21 దినములలోగా నమోదు చేయించి, సర్టిఫికెట్టును భద్రపరచుడు.

2. ఇంటిలో ఒకే పేరుగలవారున్నచో ఆసుపత్రిలో ఆ సంగతి ముందుగనే చెప్పుడు.

3. తల్లీబిడ్డల కార్డును, పాత మందుచీట్లను ఆసుపత్రికి పోవు ప్రతిసారి వెంట తీసికొనిపొండు.

4. మధుమేహము, మూర్ఛ మొదలగు వ్యాధులు కలవారు, ఏదైన మందు పడనివారు ఆ వివరములతో పాటు తమ పేరు, బంధువుల ఫోను సంఖ్య వ్రాసిన చీటిని జేబులో నుంచుకొనుడు.

5. తీర్థములకు, పుష్కరములకు పోవునప్పుడు చిన్నపిల్లల జేబులలోను, మతిమరపుగల పెద్దల జేబులలోను ఇట్టి చీటియే ఉంచుడు.

6. ఫోనుకు వచ్చు రహస్య సంఖ్యను అడిగినవారికెల్ల చెప్పకుడు. ఆధార్ నకలు ఈయవలసివచ్చినచో, చివరి నాలుగంకెలు మాత్రము కనబడు నకలు చాలునేమో అడిగి చూడుడు.

7. మీ కార్డును పరులకు ఈయకుడు. పరుల కార్డును వాడకుడు.

ఊరిలో మనలను ఎరిగినవారు పేరుపెట్టి పిలిచినప్పుడు మనసునకు ధైర్యము కలుగును. ఎరుగని చోట, వ్యాధితో పడియున్నవేళ అట్టి ధైర్యమును కలిగించుటకే పట్టీయు, చీటియు, సంఖ్యయు ఏర్పడినవి. ఈసారి ఆసుపత్రిలో నర్సు మంచము కడకు వచ్చి "మీ పేరేమి?" అని అడిగినప్పుడు, ఎన్నవసారియైనను సరే, ఓపికతో పూర్తిపేరు చెప్పుడు. ఆమె అడుగుచున్నది మీ ప్రాణమును కాచుటకే.